కీ ఇచ్చే మెట్రోనోమ్, పక్కన ఒక నోటు పుస్తకం: ఏళ్ల వాడకం తర్వాత

వయొలిన్ సాధనలో నాకు ఎక్కువ కాలం తోడున్న వస్తువులు రెండు. ఒకటి, వాయించే వేగం తప్పకుండా ఉండేందుకు, కీ ఇస్తే సమాన వ్యవధిలో టిక్కుటిక్కుమని కొట్టే పాతకాలపు చెక్క మెట్రోనోమ్. రెండోది, దాని పక్కనే పడి ఉండే గీతల నోటు పుస్తకం. ఒకదాని గురించి చెప్పాలంటే రెండోదాన్ని వదిలిపెట్టడం కుదరదు కనుక, ఈ సమీక్షను రెండింటికీ కలిపే రాస్తున్నాను.

ముందు పరికరం సంగతి. లోలకం కడ్డీ మీద జరిపే చిన్న బరువు ఒకటి, కింద పెట్టె లోపల అదే కడ్డీకి బిగించిన బరువు మరొకటి ఉంటాయి. పై బరువును ఎత్తితే నడక మందగిస్తుంది, దించితే వేగం పెరుగుతుంది. ఈ జంట బరువుల లోలకాన్ని 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రూపొందించినవాడు డీట్రిచ్ వింకెల్ కాగా, దానికి కొలబద్ద తగిలించి 1815లో పేటెంట్ పొంది, పేరంతా దక్కించుకున్నవాడు యోహాన్ మెల్ట్‌సెల్. కొలబద్ద మీద నిమిషానికి 40 నుంచి 208 బీట్ల (తాళపు దెబ్బల) వరకు అంకెలుంటాయి. అవి 60 వరకు రెండేసి, 72 వరకు మూడేసి, 120 వరకు నాలుగేసి, 144 వరకు ఆరేసి, ఆపైన ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి. నడక వేగంగా ఉన్నప్పుడు ఒకటి రెండు బీట్ల తేడా చెవికి ఆనదు కాబట్టి ఈ అమరిక సబబైనదే.

సాధన గురించి రాసుకునే అలవాటు నాకు మెట్రోనోమ్ కంటే ముందే ఉండేది. కానీ ఆనాటి పేజీలు తిరగేస్తే సంగీతం కంటే నా మనఃస్థితే ఎక్కువ కనిపిస్తుంది: ‘ఈ రోజు వేళ్లు మాట వినలేదు’, ‘ఇక నా వల్ల కాదేమో’, ‘నిన్నటికంటే నయం’. ఇవి చదువుకుని మర్నాడు చేయగలిగింది ఏమీ లేదు. మెట్రోనోమ్ అంకె వచ్చి చేరాక అదే పుస్తకం పనికొచ్చే వస్తువైంది. ‘92 వరకు కుదురుగా ఉంది, 96 దగ్గర తీగ మారేచోట కమాను ముందే వెళ్లిపోతోంది, మూడో వేలు వెనకబడుతోంది’ అని రాయవలసి వచ్చినప్పుడు, ఓటమి అనే పెద్ద మాట కుంచించుకుపోయి రెండు స్వరాల మధ్య ఉన్న చిన్న సందుగా మిగులుతుంది. ఆ రెండు స్వరాలనే విడిగా తీసి, 60 దగ్గర పెట్టుకుని, కమాను ఎక్కడ తొందరపడుతోందో చూసుకోవచ్చు. ఎప్పుడు తప్పామో మెట్రోనోమ్ నిక్కచ్చిగా చెబుతుంది గాని, ఎందుకు తప్పామో దానికి తెలియదు. ఆ కారణాన్ని ఒక పూర్తి వాక్యంగా రాద్దామని కూర్చున్నప్పుడే అది నాకు చాలాసార్లు దొరికింది.

ఈ జంట నాకు చేసిన అసలు మేలు మాత్రం వేరే ఉంది. సాయంత్రం 120 అందుకున్న స్వరాల వరుస మర్నాడు పొద్దున 100 దగ్గరే తడబడటం సాధన చేసేవారందరికీ అనుభవమే. నిన్న చేతిలో ఉన్నది ఈ రోజు ఏమైపోయిందన్న దిగులుతోనే చాలామంది వాద్యాన్ని పెట్టెలో పెట్టేస్తారు. నేను పేజీని రెండుగా గీసి, ఒకవైపు సాధన ముగిసేటప్పటి వేగాన్నీ, ఇంకోవైపు మర్నాడు మొదటిసారి తీసినప్పటి వేగాన్నీ రాయడం మొదలుపెట్టాను. మొదటిది వేడెక్కిన చేతి సత్తా, రెండోది వంటబట్టిన విద్య. మొదటి వరుసలోని అంకెలు ఎగిరెగిరి పడుతుంటాయి. రెండో వరుసలోనివి వారాల తరబడి ఒకేచోట మొండికేసి, ఎప్పుడో ఒక మెట్టు ఎక్కుతాయి. ఎదుగుదలగా నేను ఇప్పుడు లెక్కేసేది రెండో వరుసనే.

వయొలిన్ వాయించేవారికి పనికొచ్చే ఒక సూక్ష్మం చెప్పాలి. స్వరం కచ్చితంగా టిక్కు మీద పడితే ఆ టిక్కు స్వరంలో కలిసిపోయి వినిపించకుండా పోతుంది. విడిగా వినిపించిందంటే మనం ముందో వెనకో ఉన్నట్టు. ఇది పట్టుబడిన తర్వాత 120 బదులు 60 పెట్టి, రెండు బీట్లకొక టిక్కు వచ్చేలా చూసుకుంటే, మధ్యలోని ఖాళీని మోసే బాధ్యత మన మీద పడుతుంది. లయ కుదిరేది అక్కడే.

లోపాలూ ఉన్నాయి. బల్ల ఏ మాత్రం ఒరిగినా లోలకం కుంటుతూ, ఒక టిక్కు పొడుగ్గా, మరొకటి పొట్టిగా పడుతుంది. కీ అయిపోతే వాయిస్తున్న వరుస మధ్యలోనే ఆగిపోతుంది. తాళానికి కట్టుబడని ఆలాపనలో దీనికి పని లేదు. అంతకంటే పెద్ద ప్రమాదం అంకెల మీద పుట్టే మోజు: వేగం పెరగడమే సంగీతం అనిపించే దశ ఒకటి వస్తుంది. తన సింఫనీలకు 1817లో మెట్రోనోమ్ అంకెలు ప్రకటించిన జర్మన్ స్వరకర్త బీథోవెన్ సూచించిన వేగాలపైనే వాద్యకారులు నేటికీ వాదించుకుంటున్నారు. అందుకే నా పుస్తకంలో ప్రతి అంకె పక్కన ఆ వేగంలో పాట ఎలా వినిపించిందో ఒక మాటైనా ఉంటుంది: ‘గట్టిగా’, ‘ఊపిరాడకుండా’, ‘హాయిగా’. ‘హాయిగా’ అన్న మాట రాని వేగాన్ని కచేరీకి తీసుకెళ్లను.

ఫోన్‌లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ యాప్‌లు దీనికంటే కచ్చితమైనవి, బల్ల ఒరిగితే వాటికి ఏమీ కాదు. అయినా ఫోన్ చేతికి తీసుకుంటే సందేశాలు కూడా వెంటే వస్తాయి కనుక, ఏకాగ్రత నిలవనివారికి చెక్క పెట్టెనే సిఫార్సు చేస్తాను. ఏకాగ్రతకు కొదవ లేనివారు యాప్ వాడుకుని, మిగిలిన డబ్బుతో మంచి కమానో తీగలో కొనుక్కోవడం మేలు. నోటు పుస్తకం మాత్రం కాగితంతో చేసినదే ఉండాలి; వేళ్లకు రెండు నిమిషాల విశ్రాంతి ఇచ్చి రాయడమే అందులోని ప్రయోజనం.

పాతది కొనేవారు సమతలమైన బల్ల మీద పెట్టి, బరువును 60 దగ్గర నిలిపి, గడియారంలోని సెకన్ల ముల్లుతో ఒక నిమిషం పోల్చి చూడాలి. టిక్కులు 60 కంటే బాగా ఎక్కువగానో తక్కువగానో వచ్చినా, సమతలం మీద కూడా కుంటినా దాన్ని అక్కడే వదిలేసి రావచ్చు.