చంటిపిల్లకి డేకేర్: తెలుగు ఆంటీ ఇల్లా, లైసెన్సున్న సెంటరా? (టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి)

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు ఏ తెలుగు వాట్సాప్ గ్రూపు చూసినా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది: "వచ్చే నెల నుంచి ఆఫీసుకి వెళ్ళాలి, పాపకి అయిదో నెల, దగ్గర్లో మంచి తెలుగు ఆంటీ డేకేర్ ఉంటే చెప్పండి, లేకపోతే సెంటరే బెటరా?" కింద జవాబులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆంటీ చాలా మంచావిడ, పప్పన్నం మెత్తగా కలిపి పెడతారు, సొంత మనవరాల్లా చూసుకుంటారు అని. అదంతా నిజమే అయ్యుంటుంది. కానీ ఆ ఇంటికి ఏ పర్మిట్ ఉంది, దాన్ని చూడ్డానికి బయటివాళ్ళెవరైనా చెప్పకుండా వస్తారా అన్నది మాత్రం ఎవరూ అడగరు. మొన్న మా పాప కోసం ఇళ్ళూ సెంటర్లూ రెండూ చూశాం కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. ఫీజు, దూరం, తిండి, భాష సంగతి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మనం అన్నిటినీ కలిపి "హోమ్ డేకేర్" అనేస్తాం గానీ టెక్సాస్‌లో అది ఒక రకం కాదు. లిస్టెడ్ ఫ్యామిలీ హోమ్ అంటే బంధువులు కాని పిల్లల్ని ముగ్గురి వరకూ తమ ఇంట్లో చూసుకునేవాళ్ళు. రాష్ట్ర హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ దగ్గర పేరు నమోదవుతుంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, మామూలు తనిఖీలు మాత్రం ఉండవు. ఫిర్యాదు వస్తే తప్ప ఇన్‌స్పెక్టర్ ఆ గుమ్మం తొక్కరు. రిజిస్టర్డ్ హోమ్ అయితే ఆరుగురు పిల్లల వరకూ, బడి వదిలాక వచ్చే పెద్దపిల్లలు ఇంకో ఆరుగురి వరకూ ఉండొచ్చు, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి తనిఖీకి వస్తారు. లైసెన్స్‌డ్ హోమ్‌లో ఏడుగురి నుంచి పన్నెండుగురు, తనిఖీ ఏటా. సెంటర్లకి కూడా ఏడాదికి ఒక్కసారైనా చెప్పాపెట్టకుండా వస్తారు.

ఇవేవీ లేని ఇళ్ళు కూడా బోలెడున్నాయి. డబ్బు తీసుకుని పక్కింటి పిల్ల ఒక్కదాన్నే రోజూ చూసుకున్నా కనీసం లిస్టింగ్ ఉండాలి, అయినా చాలామంది చేయించుకోరు. వీసా కారణంగా పని చేసే అనుమతి లేనివాళ్ళు అసలు ముందుకే రారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఆ డబ్బు ఆ ఇంటికి ఎంత అవసరమో కూడా తెలుసు. కానీ అక్కడ ఏదైనా జరిగితే అడిగే నాథుడుండడు, అందుకని అలాంటి ఇళ్ళని నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. సెర్చ్ టెక్సాస్ చైల్డ్ కేర్ అని రాష్ట్రం వాళ్ళ పేజీ ఉంది. అందులో పేరో అడ్రసో కొడితే పర్మిట్ ఏ రకమో, ఎంతమంది పిల్లలకి అనుమతి ఉందో, ఎప్పుడెప్పుడు తనిఖీ జరిగిందో, ఏ రూల్ తప్పారో, అది హై నుంచి లో వరకూ అయిదు స్థాయిల్లో ఏ స్థాయి తప్పో, ఎప్పటికి సరిదిద్దారో అన్నీ వస్తాయి. మాకు తెలిసినవాళ్ళు ఒకరు ఒక సెంటర్ పేరు కొట్టి, ఏడో ఎనిమిదో తప్పులు కనపడేసరికి హడలిపోయి, లిస్టెడ్ హోమ్ ఒకటి చూస్తే రికార్డు అద్దంలా ఉందని అందులో చేర్పిద్దామనుకున్నారు. ఆ రికార్డు అలా ఉండడానికి కారణం అక్కడికి ఎవరూ వెళ్ళి చూడకపోవడం. పరీక్షే రాయనివాడికి సున్నా తప్పులు వచ్చినట్టే అది. ఎనిమిది తప్పులున్న సెంటర్‌ గురించి మీకు కనీసం ఎనిమిది విషయాలు తెలుసు, ఈ ఇంటి గురించి ఏమీ తెలియదు. రెండిట్లో ఏది భయపడాల్సిందో మీరే చెప్పండి.

అయితే ఆ పేజీ చదవడానికి కాస్త ఓపిక కావాలి. ఒక టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఫైల్లో లేదు, ఆవరణలో ఫెన్స్ గొళ్ళెం వదులుగా ఉంది, ఆ రోజే సరిచేశారు, ఇలాంటివైతే నేను పట్టించుకోను. పిల్లల్ని ఎవరూ చూడకుండా వదిలేయడం, ఒక్క టీచర్‌కి ఉండాల్సినదానికంటే ఎక్కువమంది పిల్లలుండటం, పసిపిల్లల పడక రూల్ తప్పడం, ఈ మూడింట్లో ఏది కనపడినా ఆగి చదువుతాను. అదే తప్పు మళ్ళీ ఇంకో తనిఖీలో కూడా వస్తే ఆ సెంటర్ ఎంత ఖరీదైనదైనా, గోడల మీద ఎన్ని బొమ్మలున్నా నాకు వద్దు.

పడక దగ్గరే ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఏడాది లోపు పిల్లలకి డేకేర్‌లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిద్రలోనే ఉంటుంది. నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల్లో ఎక్కువమంది ఆర్నెల్ల లోపు వాళ్ళే, సరిగ్గా మనం డేకేర్‌లో వదిలే వయసు. టెక్సాస్ రూల్ ప్రకారం పిల్లని వెల్లకిలా పడుకోబెట్టాలి, క్రిబ్‌లో (చుట్టూ కటకటాలుండే పసిపిల్లల మంచం) గట్టి పరుపు మీద బిగుతైన షీటు తప్ప ఇంకేమీ ఉండకూడదు, దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ. గుడ్డలో చుట్టాలంటే డాక్టర్ సంతకం కావాలి. స్వింగ్‌లోనో కార్ సీట్‌లోనో నిద్రపోతే తీసి క్రిబ్‌లో వెయ్యాలి. ఇప్పుడు మన ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. నేను చూసిన ఒక లిస్టెడ్ ఇల్లు శుభ్రంగా ఉంది, ఆవిడ మాట మెత్తన, పిల్లలు ఆవిడ ఒళ్ళోంచి దిగట్లేదు. పడకగదిలో క్రిబ్ చూపించారు. అందులో పూల గుడ్డతో కుట్టిన ఆవాల దిండు, కాళ్ళ దగ్గర మడతపెట్టిన ఫ్లీస్ దుప్పటి. తల గుండ్రంగా రావడానికమ్మా, ఇండియా నుంచి తెప్పించాను అన్నారు. పూర్తిగా ప్రేమతో పెట్టిందే అది, మా అమ్మ అయినా అదే పెట్టేది. అది తీసెయ్యాలని ఆవిడకి చెప్పడానికి ఎవరో ఒకరు ఆ గదిలోకి రావాలి కదా? ఆ ఇంటికి అలా ఎవరూ రారు. మనం చెప్తే తీస్తారేమో, రేపు పిల్ల నిద్రపోక ఏడుస్తుంటే మళ్ళీ పెట్టరని మనకెలా తెలుస్తుంది?

మేం చేర్పించిన సెంటర్‌లో క్రిబ్‌లన్నీ ఖాళీగా, చూడ్డానికి కాస్త దయలేనట్టే ఉంటాయి. ప్రతి క్రిబ్‌కీ పేరు, పక్కన ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది రాసే కాగితం. గదికీ వరండాకీ మధ్య గాజు కిటికీ, వచ్చేపోయే వాళ్ళందరి చూపూ లోపల పడుతుంది. నాకు నచ్చింది ముఖ్యంగా ఈ కిటికీయే. అక్కడ పనిచేసేవాళ్ళు ఆంటీ కంటే మంచివాళ్ళని కాదు, ఒకరు అలసిపోయి చూడకపోయినా ఇంకొకరు చూస్తారని.

2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఒక హోమ్ డేకేర్‌లో మంటలు లేచి నలుగురు పిల్లలు చనిపోయారు. నడిపే అమ్మాయి స్టవ్ మీద నూనె పెట్టి, పిల్లల్ని ఇంట్లో వదిలి, షాపుకి వెళ్ళింది. కోర్టు 80 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ఆ ఇల్లు పర్మిట్ లేనిదేమీ కాదు, రాష్ట్రం దగ్గర రిజిస్టర్ అయినదే. పర్మిట్ ఉంటే చాలనుకోకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంట్లో రెండో పెద్దమనిషి ఉన్నారా, ఆవిడ బాత్రూముకి వెళ్తే, జ్వరం వస్తే, సొంత పిల్లాణ్ణి బస్‌స్టాప్ నుంచి తెచ్చుకోవాలంటే మన పిల్లని ఎవరు చూస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. రిజిస్టర్డ్ హోమ్ అయ్యుండి, తనిఖీ రికార్డు ఉండి, ఇద్దరు మనుషులుంటే చంటిపిల్లకైనా నేను కాదనను. అలాంటి ఇళ్ళున్నాయి, కాకపోతే వాటిల్లో సీటు దొరకడమే కష్టం.

సెంటర్లకి మరీ కిరీటం పెట్టట్లేదు. పదకొండు నెలల వరకూ పిల్లలకి టెక్సాస్ పెట్టిన లెక్క ఒక్క టీచర్‌కి నలుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లుంటే పదిమంది దాకా. అదే ఎక్కువ. పద్దెనిమిది నెలలు దాటితే ఒక్కరికి తొమ్మిది మంది, రెండేళ్ళు నిండితే పదకొండు మంది! పదకొండు మంది రెండేళ్ళ పిల్లల్ని ఒక్క మనిషి చూడటమంటే ఏంటో ఇంట్లో ఒక్కరితో వేగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ లెక్కలు రాష్ట్రం పెట్టిన కనీస హద్దులు మాత్రమే, కొన్ని సెంటర్లు ఇంతకంటే తక్కువమందిని పెడతాయి, టూర్‌కి వెళ్ళినప్పుడు బ్రోచర్ వదిలేసి గదిలో తలలు లెక్కపెట్టండి. చేరాక కూడా డేకేర్ నడిచే వేళల్లో ఎప్పుడైనా ముందు చెప్పకుండా వెళ్ళి చూసే హక్కు తల్లిదండ్రులకుంది, సెంటరైనా రిజిస్టర్డ్ ఇల్లైనా. "కాల్ చేసి రండి, పిల్లలు డిస్టర్బ్ అవుతారు" అన్నవాళ్ళతో నేను ఇంక మాట్లాడను.

నానీని పెట్టుకుంటే ఆవిడ మన ఇంట్లోనే చూస్తుంది కాబట్టి లైసెన్సింగ్ ఉండదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ మనమే చేయించుకోవాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే అంతకంటే ఏం కావాలి, కానీ మామూలుగా ఆర్నెల్లకి వాళ్ళు తిరిగి వెళ్ళాల్సిందే, అప్పుడు మళ్ళీ ఇదే ప్రశ్న.

మా వరకూ పాపకి పద్దెనిమిది నెలలొచ్చేదాకా ఈ సెంటరే. ఆ తర్వాత తనకి ఏం జరిగిందో ఎంతో కొంత చెప్పగలిగే వయసొస్తుంది, సెంటర్‌లో పిల్లల లెక్కా పెరుగుతుంది, కాబట్టి అప్పుడు రిజిస్టర్డ్ ఇళ్ళనే ముందు చూస్తాం. వెయిట్‌లిస్టులో పేరు ఇప్పుడే ఇచ్చాం.