వెయ్యి జీబీల ఫైబర్ ప్లాను: కోనసీమ ఇంటికి చాలు, చెరువు గట్టుకి చాలదు

కోనసీమలో ఒక కేబుల్ ఆపరేటరు ఇస్తున్న ఫైబర్ ప్లాను ఇది. నెలకి 500 రూపాయలు, వేగం 100 ఎంబీపీఎస్. కాగితం మీద పెద్దక్షరాల్లో అన్‌లిమిటెడ్ అని ఉంటుంది, దాని నెత్తిన ఓ చుక్క గుర్తు. ఆ చుక్క పట్టుకుని అడుగుకి వెళితే అసలు సంగతి తెలుస్తుంది: 1000 జీబీ దాటాక 2 ఎంబీపీఎస్. 18 శాతం జీఎస్టీ కలుపుకుంటే చేతిలోంచి పోయేది 590.

కొనేవాళ్లు 100 అన్న అంకె చూసి కొంటారు. అందులో అన్నిటికంటే తక్కువ పనికొచ్చే అంకె అదే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ. ఆ వేగంతో ఆపకుండా లాగితే 1000 జీబీ 22 గంటల 13 నిమిషాల్లో అయిపోతుంది. అంటే నెల సరుకు ఒక్కరోజులో ఖాళీ. దాళ్వాకి (రెండో పంట వరికి) నీళ్లు వంతులవారీగా వదిలే ఊళ్లవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తూము వెడల్పు వేరు, మన వంతుకొచ్చే నీళ్లు వేరు. ఆపరేటరు తూము చూపించి వంతు అమ్ముతున్నాడు. దేశమంతా ఉన్న పెద్ద కంపెనీల ఇంటి ఫైబర్ ప్లాన్లలో ఈ వంతు 3300 జీబీ ఉండటం మామూలు కాబట్టి, వెయ్యి అనేది చిన్న వంతే.

దాటాక ఇచ్చే 2 ఎంబీపీఎస్‌లో ఒక జీబీ దిగడానికి గంటా ఏడు నిమిషాలు పడుతుంది. వాట్సాప్, ఫోన్‌పే, ఒక ఫోన్లో 480 నాణ్యతలో వీడియో నడుస్తాయి. పెద్ద టీవీలో బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. ఇది ఆపరేటరు ఉదారంగా ఇస్తున్నదేమీ కాదు. 2023 జనవరి నుంచి ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి.

ఇంటి వాడకం లెక్క చూద్దాం. టీవీలో హెచ్‌డీ సినిమాకి గంటకి సుమారు 3 జీబీ. రోజుకి ఐదు గంటలు చూస్తే నెలకి 450. నాలుగు ఫోన్లు రోజుకి తలా 2 జీబీ లాగితే 240. పిల్లల క్లాసులకి రోజుకి 3 జీబీ వేసుకుంటే 90. మొత్తం 780, సరిపోతుంది. అదే టీవీ 4కే అయి, యాప్ దానంతటదే పై నాణ్యత ఎంచుకుంటే గంటకి 7 జీబీ వరకు పోతుంది. అప్పుడు ఒక్క టీవీకే 1050. యాప్ సెట్టింగుల్లో నాణ్యతని 1080 దగ్గర ఆపితే సగం సమస్య అక్కడే తీరుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కొడుకులూ అల్లుళ్లూ ల్యాప్‌టాప్‌లతో దిగే నెలకి మాత్రం ఈ లెక్క పనిచెయ్యదండి.

చెరువు గట్టు మీద కథ వేరు. రొయ్యల చెరువు షెడ్డులో ఇదే ప్లాను పెట్టించి కెమెరాలు బిగిస్తే పది రోజుల్లో నెట్ నెమ్మదిస్తుంది. డౌన్‌లోడ్ ఏమీ చెయ్యలేదు కదా అంటారు. నిజమే, కానీ అప్‌లోడ్ కూడా లెక్కలోకే వస్తుంది. కెమెరా 4 ఎంబీపీఎస్‌తో రోజంతా క్లౌడ్‌కి, అంటే నెట్ మీదుగా కంపెనీ సర్వర్లకి, పంపితే రోజుకి 43 జీబీ, నెలకి దాదాపు 1300. ఒక్క కెమెరాకే ప్లాను చాలదు. అలాంటివి నాలుగుంటే 3300 జీబీల ప్లాను కూడా చాలదు.

కాబట్టి క్లౌడ్ రికార్డింగు ఆపేసి, షెడ్డులోనే రికార్డర్ పెట్టి హార్డ్ డిస్కులో రాయించుకోవాలి. ఫోన్లో చూసేటప్పుడు మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత) కాకుండా సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత) ఎంచుకోండి. అది 512 కేబీపీఎస్ దగ్గర ఉంటే గంటకి 230 ఎంబీయే. క్లౌడ్ తప్పదంటే వీడియో సెట్టింగుల్లో హెచ్.265 (వీడియోని బాగా కుదించే పద్ధతి) పెట్టి, సెకనుకి ఫ్రేములు 25 నుంచి 12కి దించి, బిట్‌రేటు 1 ఎంబీపీఎస్‌కి కట్టేయాలి. అప్పుడు కెమెరాకి నెలకి 324 జీబీ అవుతుంది.

కదలిక ఉన్నప్పుడే పంపు అనే సెట్టింగు ఉందిగా అంటారు బిగించేవాళ్లు. చెరువు దగ్గర అది ఉత్తిదే. నీటికి గాలి పట్టించే ఏరియేటర్ రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, నీటి మీద వెలుగు కదులుతుంది, రాత్రయితే కెమెరా లైటుకి పురుగులు ముసురుతాయి. ఇవన్నీ దాని కంటికి దొంగలే. కదలిక పట్టే చోటు మొత్తం ఫ్రేము కాకుండా మేత షెడ్డు తలుపూ, మోటారు స్టార్టరు డబ్బా, గేటూ వరకే గీసుకోండి. మనిషిని గుర్తుపట్టే సెట్టింగు ఉంటే అదే వాడండి.

ఇక మీటరు. ఈ ప్లానులో అసలు లోపం 1000 జీబీ అన్న హద్దులో లేదు, ఆ వెయ్యిని ఎవరు కొలుస్తున్నారన్న దగ్గర ఉంది. కరెంటు మీటరు మన గోడకే ఉంటుంది, రోజూ చూసుకోవచ్చు. నెట్ మీటరు ఆపరేటరు సర్వర్లో ఉంటుంది. మీ యూజర్ ఐడీతో రౌటరు లాగిన్ అయిన దగ్గర నుంచి ఎక్కినవీ దిగినవీ అక్కడ పడుతుంటాయి. రౌటరు చూపించే లెక్క చాలా మోడళ్లలో కరెంటు పోగానే సున్నాకి వచ్చేస్తుంది కాబట్టి రెండూ కలవవు. ఇంకో తేడా కూడా ఉంది. ఒకరు జీబీని వెయ్యితో లెక్కిస్తే ఇంకొకరు 1024తో లెక్కిస్తారు. ఒకరి 1000, ఇంకొకరికి 931. పైగా డేటా ముక్కలుగా (ప్యాకెట్లుగా) వెళుతుంది, ఒక్కో ముక్క మీద రాసే చిరునామాకి కొంత పోతుంది. ఈ కారణాలతో పది శాతం దాకా తేడా వస్తే గొడవ పడక్కర్లేదు. అంతకు మించితే సెషన్ల వారీ చిట్టా అడగండి: లాగిన్ ఎప్పుడు, లాగౌట్ ఎప్పుడు, ఎంత దిగింది, ఎంత ఎక్కింది. మీ ఇంట్లో కరెంటు లేని గంటల్లో, రౌటరు బాక్సు ఆరిపోయి ఉండగా సెషన్ నడిచిందంటే మీ ఐడీని ఇంకెవరో వాడుతున్నట్టే. పాస్‌వర్డుగా ఫోన్ నంబరే పెట్టి వదిలేసిన కనెక్షన్లలో ఇది సులువు. పాస్‌వర్డు మార్పించి, ఐడీని మీ బాక్సు మ్యాక్ నంబరుకి (ఒక్కో పరికరానికి విడిగా ఉండే గుర్తింపు నంబరుకి) కట్టించుకోండి.

హద్దులో 50, 90, 100 శాతాలు వాడినప్పుడు కస్టమరుకి తెలియజెయ్యాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే చెప్పింది. ఈ ఆపరేటరు నుంచి వచ్చేది నూరు శాతం మెసేజ్ ఒక్కటే. అన్నం అయిపోయాక విస్తరి వేసినట్టుంది ఆ పద్ధతి.

రీచార్జిలో ఇంకో మెలిక. 30 రోజులు ఒకటో తారీఖు నుంచి కాదు, కట్టిన రోజు నుంచి. మిగిలిన జీబీలు వచ్చే నెలకి రావు. గడువు ఉండగానే కడితే పాతది చెరిగిపోయి కొత్తది మొదలవుతుందా, పాతది అయ్యాక మొదలవుతుందా అన్నది అడిగి మరీ కట్టాలి. జీబీలు 24వ రోజుకే అయిపోయాయనుకోండి. అప్పుడే కొత్తగా రీచార్జి చేస్తే పోయేది ఆరు రోజుల విలువ, 118 రూపాయలు. కొసరుగా (టాప్‌అప్‌గా) ఇచ్చే 100 జీబీలకి ఆపరేటరు అంతకంటే ఎక్కువ చెబితే కొసరు వద్దు. కట్టాక కూడా వేగం రాకపోతే రౌటరు ఆపి ఐదు నిమిషాలు ఆగి వెయ్యండి. పాత సెషన్ తెగితేగానీ కొత్త వేగం అంటుకోదు.

వాడినంతకి డబ్బు తీసుకోవడం తప్పని అనలేం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉండి నెలకి 60 జీబీ వాడితే వాళ్లు చెరువు కెమెరా ఖర్చు మొయ్యడం ఎందుకు? కానీ ఆపరేటరు తన పై కంపెనీ దగ్గర కొనేది జీబీల్లో కాదు, ఎంబీపీఎస్‌ల్లో. ఆయనకి ఖర్చు రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర దాకా, ఊరంతా ఒకేసారి టీవీలు పెట్టినప్పుడు. తెల్లవారుజామున మూడింటికి దిగే అప్‌డేటుకి ఆయనకి అదనంగా అయ్యేది దాదాపు ఏమీ లేదు, మన లెక్కలో మాత్రం పూర్తిగా పడుతుంది. ఒకప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్లలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా లెక్క ఉండేది కాదు. కంప్యూటర్లలో రెండింటికి అలారం పెట్టుకున్న తరానికి ఆ న్యాయం గుర్తుండే ఉంటుంది. దాన్ని ఈ ఆపరేటరు మళ్లీ తెస్తే ఈ సమీక్ష తిరగరాయాల్సి వస్తుంది.

చివరిగా, వేగం తగ్గినప్పుడల్లా హద్దు దాటిందనుకోకండి. రౌటరుకి వైరుతో ల్యాప్‌టాప్ కలిపి ఒకసారి చూడండి. (ఒకసారే. 100 ఎంబీపీఎస్ లైను మీద ఒక స్పీడ్ టెస్టుకే 250 ఎంబీ దాకా పోతుంది.) అంకె 2 దగ్గర కదలకుండా నిలబడితే హద్దు దాటినట్టు. 5కీ 40కీ మధ్య ఊగుతుంటే లోపం లైనులోనో, ఊరి రద్దీలోనో ఉంది. బాక్సు మీద లాస్ (LOS, సిగ్నల్ రావట్లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలిగితే వైరు తెగింది. ఇక్కడ ఫైబరు స్తంభాల మీదుగా, కొబ్బరి తోటల్లోంచి వస్తుంది. మట్ట పడితే వైరు ఒక్కోసారి తెగదు, మడత పడుతుంది. అప్పుడు లైట్లన్నీ పచ్చగానే ఉండి నెట్ మాత్రం ఈడుస్తుంది. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు ఫైబరులో వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటరు పెట్టించి అంకె (డీబీఎంలలో) చూడండి. మైనస్ 15కీ మైనస్ 25కీ మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే అతుకు మళ్లీ వేయించాల్సిందే. వేశాక వచ్చిన అంకెని తారీఖుతో సహా బాక్సు అడుగున మార్కరుతో రాయించుకోండి. వచ్చే గాలివాన తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.