విదేశం నుంచి జపాన్ బేస్‌బాల్ జట్ల తలుపు తడితే

జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో సెంట్రల్, పసిఫిక్ అనే రెండు లీగులు, లీగుకు ఆరు చొప్పున మొత్తం పన్నెండు జట్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటికీ వాటి ఆటగాళ్ళకూ విదేశం నుంచి ఉత్తరాలు పంపుతూ, వెబ్‌సైట్లలో ఫారాలు నింపుతూ, అభిమాన సంఘాలలో చేరబోయి భంగపడుతూ నేను రెండు సీజన్లు గడిపాను. ఈ సమీక్ష ఆ అనుభవం నుంచి వచ్చింది. ఉన్న మార్గాలన్నింటిలోనూ నమ్మదగినది ఏదని అడిగితే, కాగితం మీద రాసి పోస్టులో వేసిన ఉత్తరమే అని చెబుతాను.

మొదట నేను ఇంటర్నెట్‌నే నమ్ముకున్నాను. జట్ల వెబ్‌సైట్లలో విచారణల కోసం ఫారం ఉంటుంది కానీ, అది జపాన్‌లో నివసించేవారిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినది. పేరు రాశాక దాని ఉచ్చారణను కటకానా లిపిలో మళ్ళీ రాయమంటుంది. ఏడంకెల పోస్టల్ కోడ్ అడుగుతుంది. మన రాష్ట్రాల వంటి పాలనా విభాగాలైన 47 ప్రిఫెక్చర్లలో ఒకటి ఎంచుకోమంటుంది. నేను తెరిచిన ఫారంలో ఆ 47 తప్ప వేరే గడి లేదు. గత్యంతరం లేక స్టేడియం ఉన్న ప్రిఫెక్చర్‌నే ఎంచుకుని, సందేశంలో అసలు సంగతి వివరించి పంపాను. వ్యక్తిగతంగా ఆటగాళ్ళకు సంబంధించిన ప్రశ్నలకు బదులివ్వలేమని, ఎంతో మర్యాదగా, నా ప్రశ్నను చదివిన జాడ ఏమాత్రం లేకుండా జవాబు వచ్చింది. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్ అధికారిక వెబ్‌సైటులోని ఇంగ్లీషు విభాగం మాత్రం నిజంగా పనికొస్తుంది. అందులో జట్లవారీగా ఆటగాళ్ళ పేర్లు, చొక్కా నంబర్లు దొరుకుతాయి. అదే పేజీ జపనీస్ రూపాన్ని పక్కన పెట్టుకుని, నంబరును బట్టి పేరును కాంజీ అక్షరాలలో (జపనీస్‌లో పేర్లు రాసే చైనా మూలపు లిపి) సరిచూసుకోవచ్చు. సాతో, ఇతో వంటి ఇంటిపేర్లు జపాన్‌లో కోకొల్లలు కనుక కవరు మీద పూర్తి పేరుతో పాటు చొక్కా నంబరు కూడా రాయడం మంచిది.

చిరునామా విషయంలో పాత జాబితాలను నమ్మకూడదు. హొక్కైదో నిప్పోన్ హామ్ ఫైటర్స్ జట్టు 2023లో సప్పోరో డోమ్‌ను వదిలి కితాహిరోషిమా నగరంలోని ఎస్కాన్ ఫీల్డ్‌కు మారింది. అంతకుముందు తయారైన జాబితాలు సప్పోరోనే చూపిస్తాయి. హాన్షిన్ టైగర్స్ రెండో జట్టు, అంటే ప్రధాన జట్టుకు ఆటగాళ్ళను తయారుచేసే జట్టు, 2025లో నరుఒహామా నుంచి అమగసాకికి తరలింది. ఆటగాళ్ళు జట్లు మారడం సరేసరి. నా ఉత్తరాలలో ఒకటి, ఆ చిరునామాలో అటువంటివారు లేరన్న అర్థం వచ్చే జపాన్ తపాలా ముద్రతో రెండు నెలలకు తిరిగొచ్చింది. అందులో తప్పు పూర్తిగా నాదే.

ఇక కవరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జట్టు పేరు తర్వాత, ఫలానావారి ద్వారా అని సూచించే ‘కిత్సుకె’ అన్న మాట రాసి, కింద ఆటగాడి పేరు, దాని పక్కన గౌరవవాచకంగా ‘సామా’ లేదా ఆటగాడు అన్న అర్థంలో ‘సెన్షు’ రాయాలి. ఉత్తరం సంస్థకే అయితే ‘సామా’ కుదరదు, ‘ఒన్‌చూ’ రాయాలి. దేశం పేరు మాత్రం ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో చివర ఉండాలి, ఎందుకంటే ఆ ఒక్క పదం మన వైపు తపాలా సిబ్బంది కోసం. జవాబు కోసం లోపల పెట్టే తిరుగు కవరు మీద మన పేరు పక్కన మనమే ‘సామా’ పెట్టుకోవడం అక్కడ అమర్యాద. చిన్నగా, ఫలానావారికి చేరాలి అన్న అర్థంలో ‘యుకి’ అని రాసుకోవాలి. నాకు అందిన ఏకైక జవాబు కవరు మీద, నేను వంకరటింకరగా రాసిన ‘యుకి’ని ఎవరో స్కేలు పెట్టి రెండు గీతలతో కొట్టివేసి, పక్కన ‘సామా’ అని పొందికగా రాశారు. ఆ చేతిరాత ఆటగాడిది కాదని, కార్యాలయంలో ఉత్తరాలు చూసే ఉద్యోగిదని నాకు తెలుసు. అయినా లోపల వచ్చిన ఆటగాడి సంతకం కంటే ఆ రెండు గీతలనే ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నాను.

తిరుగు స్టాంపులది మరో చిక్కు. మన స్టాంపులు జపాన్‌లో చెల్లవు. అంతర్జాతీయ రిప్లై కూపన్ పెడితే, దాన్ని స్టాంపులుగా మార్చుకోవడానికి జట్టు ఉద్యోగి పోస్టాఫీసుకు వెళ్ళవలసి వస్తుంది. అంత పని ఒప్పజెప్పడం నాకు న్యాయంగా తోచదు. జపాన్‌లో ఉన్న మిత్రుడి చిరునామాతో తిరుగు కవరు పెట్టడం అంతకంటే సులువు. అక్కడి మామూలు కవరుకు దేశీయ తపాలా రుసుము 2024 అక్టోబరు నుంచి 110 యెన్‌లు. ఇప్పటికీ 84 అని చెప్పే సలహాలు కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. ఆ రుసుముకు కవరు 23.5 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదు. సంతకాలు తీసుకోవడానికి వాడే ‘షికిషి’ అనే దళసరి అట్ట 24.2, 27.2 సెంటీమీటర్ల కొలతలతో ఉంటుంది కనుక అందులో పట్టదు. నేను ఆటగాడి బొమ్మ ఉండే చిన్న బేస్‌బాల్ కార్డు మీద సంతకంతోనే సరిపెట్టుకున్నాను.

అభిమాన సంఘాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నేను చూసినవి సభ్యత్వ కానుకలను జపాన్ చిరునామాకే పంపుతాయి. పార్సెళ్ళను విదేశానికి మళ్ళించే ఒక సంస్థ ద్వారా ప్రయత్నిస్తే, వాళ్ళు చిన్న పెట్టెలోకి మార్చి కట్టడంతో టోపీ అణిగిపోయి వచ్చింది. పైగా ఆ కొత్త పెట్టెకు విడిగా రుసుము వసూలు చేశారు.

ఉత్తరం ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యమే. జట్లు ఫిబ్రవరి 1న ఒకినావా, మియాజాకి వంటి వెచ్చని ప్రాంతాలలో శిక్షణ శిబిరాలు మొదలుపెడతాయి, మార్చి చివరి నుంచి సీజను నడుస్తుంది కనుక అంతకుముందు విరామ కాలమే మేలు. జవాబు వచ్చిన ఉత్తరం నేను డిసెంబరు మొదట్లో వేసినది. అందులో అరపేజీ తేలిక జపనీస్, ఒకే ఒక్క ఇన్నింగ్స్ గురించి నాలుగు మాటలు ఉన్నాయి. దానికి ముందు సీజను మధ్యలో ఇంగ్లీషులో రెండు పేజీల నిండా పొగడ్తలతో పంపిన ఉత్తరానికి ఈ రోజు వరకు ఉలుకూ పలుకూ లేదు. ఫారాలకు ఐదుకు ఒకటి, అభిమాన సంఘాలకు రెండు, తపాలాకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తపాలాకు ఆ ఒక్క మార్కు తగ్గించింది, జవాబు చేతికందడానికి నేను ఐదు నెలలు ఎదురుచూడవలసి వచ్చినందుకు.