హేవ్‌లాక్‌లో పాపతో డైవింగు: ఒకచోట తొందర, ఒకచోట ఓర్పు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి నుంచి వచ్చి మూడు వారాలు దాటింది. ఉప్పునీటికి గట్టిపడిన బట్టలు ఉతికేశాను, సామాను సర్దేశాను, కోపం మాత్రం తీరలేదు. తొమ్మిది వేల రూపాయలు పోయాయన్న బాధకన్నా, పదకొండేళ్ల పిల్ల నీళ్లలో చెవి చూపించి నొప్పి అని చెబుతుంటే ఫొటోల కోసం పట్టి ఉంచారన్న బాధే ఎక్కువ. అదే దీవిలో, రెండు రోజుల తర్వాత, ఇంకొకరు ఆ పిల్లనే నీటి అడుగుకు తీసుకెళ్లి నవ్వుతూ పైకి తెచ్చారు. ఈ రెండూ చెప్పడానికే రాస్తున్నాను.

ప్రయాణం సాఫీగానే సాగింది. శ్రీ విజయపురంలో (పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో పెట్టిన పేరు) విమానం దిగి, ప్రైవేటు ఫెర్రీకి మనిషికి 1,450 రూపాయలు ఇచ్చి గంటన్నరలో స్వరాజ్ ద్వీప్ చేరాం. 2018లో పేరు మారినా జెట్టీ దగ్గర ఆటోవాళ్లతో సహా అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు. ప్రభుత్వ ఓడ ఇంకా చవక, కానీ మేము చూసేసరికి టికెట్లు అయిపోయాయి. విజయనగర్ తీరంలో గది రోజుకు 3,200. శుభ్రంగా ఉంది. ఆ పక్క తీరంలో ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు తేలతాయి, కాబట్టి పిల్లలను ఈతకు తీసుకెళ్లేవారు పోటు వేళ ముందే కనుక్కోవాలి. అక్కడ తెల్లవారుజామున అయిదుకే వెలుతురు వస్తుంది, సాయంత్రం అయిదున్నరకు పొద్దు గుంకిపోతుంది. ఏ పనైనా పొద్దున్నే పెట్టుకోండి.

గాలి సిలిండరుతో సముద్రంలోకి దింపే డైవింగు దుకాణాల్లో మొదటిదానికి ఇంటి దగ్గరి నుంచే ఫోనులో మొత్తం డబ్బు కట్టాను, మనిషికి 4,500. అదే నేను చేసిన తప్పు. పన్నెండు మీటర్ల లోతు, అరగంట సమయం, ఫొటోలు ఉచితం అన్నారు. వెళ్లగానే ఆరోగ్యం గురించిన ఫారం చేతికిచ్చారు. ఉబ్బసం ఉందా, చెవికి ఆపరేషన్ జరిగిందా, జలుబు ఉందా అని వరసగా ప్రశ్నలు. పాపకు వారం క్రితం జలుబు చేసింది, ముక్కు ఇంకా పూర్తిగా వదలలేదు. ఆ సంగతి చెప్పబోతుంటే బల్ల వెనక కూర్చున్న కుర్రాడు, "అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టేయండి మేడమ్, ఆలస్యమైతే మీ వంతు పోతుంది" అన్నాడు. పెట్టాను. ఆ టిక్కు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతోంది.

అయిదుగురికి కలిపి పది నిమిషాలు శిక్షణ ఇచ్చారు. చెవి నొప్పి పుడితే నీళ్లలో ఎలా చెప్పాలో ఎవరూ చూపించలేదు. మూడు మీటర్లు కూడా దిగామో లేదో, పాప తన చెవిని చూపించడం మొదలుపెట్టింది. వెనక సిలిండరు పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ ఆ చేతిని పక్కకు తీసి, వేళ్లు విప్పి, కెమెరా వైపు తిప్పాడు. నేను కొంచెం అవతల ఉన్నాను. నోట్లో గొట్టం ఉంది, అరవడానికి లేదు. పాప తల అడ్డంగా ఊపుతోంది, అతను ఇంకో ఫొటో తీయిస్తున్నాడు. చివరికి అది కాళ్లు గట్టిగా తన్నేసరికి పైకి తెచ్చాడు. మొత్తం ఎనిమిది నిమిషాలు.

డబ్బు అడిగితే, "దిగారు కదా, దిగితే ఒక డైవు కిందే లెక్క" అన్నారు. పోనీ సగమైనా ఇమ్మంటే యజమాని ఊళ్లో లేడన్నారు. రసీదు లేదు. ఇంకా ఆశ్చర్యం, "మీ విమానం ఉన్న రోజు పొద్దున రండి, పాపకు మళ్లీ చేయిస్తాం, సగం ధరే" అన్నారు. డైవు చేశాక ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం కావాలి. ఒక్క డైవు చేసినా పన్నెండు గంటలు, రెండో మూడో చేస్తే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఇది తెలిసి చెప్పారో తెలియక చెప్పారో గానీ, పిల్లల విషయంలో రెండూ క్షమించలేనివే. సాయంత్రం ఫొటోలు ఫోనుకు పంపారు. వాటిలో పాప ముఖం చూసి అన్నీ తుడిచేశాను.

ఆ రాత్రి పాప నాతో ఎక్కువ మాట్లాడలేదు. "నా వల్లే డబ్బు పోయింది కదా అమ్మా" అని మాత్రం రెండుసార్లు అంది. గోవింద్ నగర్ బజారులో ఒక బెంగాలీ దంపతుల చిన్న భోజనశాలకు తీసుకెళ్లాను. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ దీవిలో చాలా ఉన్నాయి. అన్నం, పప్పు, ఆవపిండి పెట్టి వండిన చేపల పులుసు 220 రూపాయలు. నాకు ఎంతో నచ్చింది గానీ పాప ముట్టుకోలేదు. వండిన ఆవిడే బయటికి వచ్చి సంగతి కనుక్కుంది. లోపలికి వెళ్లి వేడిగా పెసరపప్పు కిచిడీ తెచ్చి పాప ముందు పెట్టింది, దానికి పైసా తీసుకోలేదు. తొందరపెట్టని మనిషి ఒకరున్నారంటూ రెండో దుకాణానికి దారి చెప్పిందీ ఆవిడే.

అక్కడి ఇన్‌స్ట్రక్టర్ నడివయసు మనిషి. పాప రెండు మాటలు మాట్లాడగానే గొంతు విని, "ఇంకా జలుబు ఉంది. రేపు వద్దు, ఎల్లుండి రండి. ఎల్లుండి కూడా ఇలాగే ఉంటే దింపను" అన్నారు. అడ్వాన్సు ఇవ్వబోతే తీసుకోలేదు. జలుబు మందు వేసి తీసుకురావచ్చా అని అడిగాను. వద్దన్నారు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలో చిక్కిన గాలి బయటికి పోయే దారి ఉండదట. పాపను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద చెవి బొమ్మ గీశారు. చెవి పొర వెనక చిన్న గాలి గది ఉంటుంది, ముక్కు వెనక నుంచి దానికి సన్నని గొట్టం వెళుతుంది, జలుబు చేస్తే అది మూసుకుంటుంది. పది మీటర్లు దిగేసరికి పైనున్నదానికి రెట్టింపు పీడనం పడుతుంది, ఆ మార్పు బాగా తెలిసేది మొదటి కొద్ది మీటర్లలోనే. "కాబట్టి తప్పు నీది కాదు, నిన్ను దింపినవాళ్లది" అన్నారు. పాప ముఖం విప్పారింది. నేను రోజంతా చెప్పినా వినని మాట ఆయన నోట విన్నది.

మరుసటి రోజు రాధానగర్ తీరం చూశాం. ఎంత పొగిడినా తక్కువే. ఆటో రానూపోనూ 1,000.

ఎల్లుండి పొద్దున ఆరింటికి వెళ్లాం. మనిషికి 5,500, ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్. నడుము లోతు నీళ్లలోనే యాభై నిమిషాలు గడిపారు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. మాస్కులోకి నీళ్లు వస్తే ముక్కుతో ఊది పంపేయాలి. బొటనవేలు పైకి చూపితే పైకి పోదామని అర్థం, బాగుంది అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. చెవి నొప్పి పుట్టకముందే, దిగుతున్నంతసేపూ ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఉండాలి. ప్యాడీ అనే అంతర్జాతీయ శిక్షణ సంస్థ నియమాల ప్రకారం పది, పదకొండేళ్ల పిల్లలకు పన్నెండు మీటర్లు హద్దు. ఆయన మాత్రం ఈ పాపకు ఆరు చాలన్నారు.

నీమో రీఫ్ అనే చోట ఒడ్డు నుంచి నడుచుకుంటూనే దిగాం. నాలుగు మీటర్ల దగ్గర పాప చెయ్యి మళ్లీ చెవి మీదికి పోయింది. నా గుండె ఆగినంత పనయింది. ఆయన వెంటనే ఆగారు. పాపను ఒక మీటరు పైకి తెచ్చి, ఎదురుగా నిలబడి, తన ముక్కు తాను మూసి చూపించారు. ఊరికే ఎదురుచూశారు. ఎంతసేపో నాకు తెలియదు, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. పాప వేళ్లు కలిపి సున్నా చుట్టింది. మళ్లీ దిగారు.

మెత్తటి వేళ్లలా ఊగుతున్న అనిమోన్ అనే సముద్రజీవిలో తెల్లచారల నారింజ చేపలు దోబూచులాడాయి. చిలుకచేప పగడపు రాయిని కొరికే కటకట శబ్దం నీళ్లలో స్పష్టంగా వినిపించింది. అది నమిలి వదిలిన పొడి తెల్లటి ఇసుకవుతుందని తెలిశాక, పాప పాదాల కింది ఇసుకను వేరే కళ్లతో చూసింది. కొన్నిచోట్ల పగడాలు బూడిదరంగులో చచ్చిపడి ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయాయి. అది చూసి మనసు చివుక్కుమంది. ముప్పై నాలుగు నిమిషాలు నీళ్లలో ఉన్నాం.

మా డైవు ఎనిమిదిన్నరకు అయిపోయింది, విమానం మర్నాడు మధ్యాహ్నం. ఒక రోజు ఆగమన్నా ఆగగలిగామంటే అయిదు రోజుల ప్రయాణం పెట్టుకోవడం వల్లే. మూడు రోజుల ప్యాకేజీలో పిల్లలతో డైవింగు పెట్టుకోకండి. డబ్బు నీళ్లలోంచి బయటికి వచ్చాకే కట్టండి, కనీసం సగమైనా ఆపుకోండి. తీరంలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో పెట్టుకోవద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. మా పాప తను ఏరినవన్నీ ఆ పొద్దునే తీరంలో వదిలేసింది.

పాప ఇప్పుడు పూర్తి కోర్సు చేస్తానంటోంది. నాలుగు రోజులు, 28,000 రూపాయలు. వచ్చే ఫిబ్రవరికి రాసుకోమని ఆయనకు ఫోను చేసి, అడ్వాన్సు ఎంత పంపమంటారని అడిగాను. పాప వచ్చాక, ముక్కు చూశాక చెబుతానన్నారు.