పెద్ద బైకు: అక్కడే అమ్ముకోవడం మేలా, అనంతపురానికి తెచ్చుకోవడం మేలా?

డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగం చేస్తూ హార్లీ డేవిడ్‌సన్‌నో హోండా గోల్డ్ వింగ్‌నో కొనుక్కున్న కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళకు, ఇంటికి తిరిగివచ్చే మాట ఎత్తగానే ఒక లెక్క తేలక మిగిలిపోతుంది. బండిని ఓడకెక్కించి వెంట తెచ్చుకోవాలా, డీలరుకు ట్రేడ్ ఇన్ కింద (పాత బండి విలువను కొత్త బండి ధరలో తగ్గించుకునే పద్ధతిలో) ఇచ్చేయాలా, లేక కొనేవాడిని సొంతంగా వెతుక్కొని అమ్ముకోవాలా? ఓడ దారి దాదాపు ఎవరికీ గిట్టుబాటు కాదన్నది నా అభిప్రాయం. మిగిలిన రెండు దారుల్లో ఏది మేలన్నది మాత్రం వీసా గడువును బట్టి, బండి మీద మిగిలిన అప్పును బట్టి, అక్కడే మరో బండి కొనే ఉద్దేశం ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది.

ముందుగా ఓడ సంగతి చూద్దాం. వాడిన బండిని మన దేశంలోకి తేవాలంటే అది తయారై మూడేళ్ళు దాటి ఉండకూడదు, ముంబయి రేవులోనే దిగాలి, మీటరు వేగాన్ని కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైటు వెలుగు రోడ్డుకు ఎడమవైపున నడిచే వాహనాలకు తగినట్టుగా పడాలి. అమెరికాలో వాహనాలు కుడివైపున నడుస్తాయి, మీటర్లు మైళ్ళలో ఉంటాయి. ఈ కాలపు డిజిటల్ మీటర్లను కిలోమీటర్లలోకి మార్చుకునే వీలు ఉంటుంది, హెడ్‌లైటును డబ్బు పెట్టి మార్పించుకోవచ్చు. తయారీ తేదీని మాత్రం ఎవరూ మార్చలేరు. రెండేళ్ళ పాత బండిని చవకగా కొని, మరో రెండేళ్ళు తనివితీరా నడిపిన తెలివైన కొనుగోలుదారుడికి ఈ దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

మూడేళ్ళ లోపు బండే ఉన్నదనుకున్నా, సుంకం దగ్గర ఆగిపోవలసి వస్తుంది. పూర్తిగా విదేశంలోనే తయారై వచ్చే కొత్త మోటారుసైకిళ్ళ మీద ఇంజను పరిమాణాన్ని బట్టి 60, 75 శాతంగా ఉన్న కస్టమ్స్ సుంకాన్ని 2018లో 50 శాతానికి దించారు. 2025 బడ్జెట్‌లో అది 1600 సీసీ లోపు బళ్ళకు 40 శాతానికి, అంతకు పైబడిన వాటికి 30 శాతానికి తగ్గింది. పత్రికల్లో ఈ వార్త చదివి చాలామందిలో ఆశ మొలిచింది గానీ, ఇవి కొత్త బళ్ళకు చెప్పిన రేట్లు కనుక వాడిన బండికి వీటినే నమ్ముకొని లెక్క వేసుకోకూడదు. ఆ రాయితీ రేటే దక్కిందనుకున్నా, సుంకం కలిపిన విలువ మీద మళ్ళీ జీఎస్టీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళకు అది 40 శాతం. ఓడ కిరాయి, బీమా కూడా కలిపి కట్టిన విలువ పది లక్షలు అనుకుంటే, 30 శాతం సుంకంతో 13 లక్షలు, దాని మీద జీఎస్టీతో 18 లక్షల 20 వేలు అవుతుంది. రేవు ఖర్చులు, ఏజెంటు రుసుము, పరీక్షలు, ముంబయి నుంచి అనంతపురానికి లారీ బాడుగ, ఇక్కడి రిజిస్ట్రేషనుకు కట్టే జీవితకాల పన్ను ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఈ ఖర్చులన్నింటికీ సిద్ధపడి తెచ్చుకున్నవారికి తర్వాత పెట్రోలు బంకు దగ్గర మరో చిక్కు ఉంది. అమెరికాలో 15 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును మోటారుసైకిళ్ళలో పోయడానికే చట్టం ఒప్పుకోదు. మన బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది 20 శాతం కలిపినది. పది శాతానికి మించి పనికిరాదని మాన్యువల్‌లో రాసి ఉన్న బండిని తెచ్చి, కర్నూలులో ప్రతి ట్యాంకుకూ ఆ నియమాన్ని తప్పుతూ నడపడం నాకైతే సమ్మతం కాదు. సర్వీసు మాటకొస్తే, కర్నూలు వాళ్ళు హైదరాబాదు వైపు, అనంతపురం వాళ్ళు బెంగళూరు వైపు జాతీయ రహదారి 44 మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. కడప వాళ్ళకు ఆ మాత్రం సౌకర్యం కూడా లేదు; బెంగళూరైనా చెన్నై అయినా ఇంకా దూరమే.

అమెరికాలోనే స్థిరపడి, ఒక చలికాలమంతా సొంత బండి మీద మన దేశం చుట్టి రావాలనుకునేవారికి కార్నే అనే పత్రం ఉంది. ఆటోమొబైల్ సంఘాల ద్వారా హామీ సొమ్ము కట్టి దీనిని తీసుకుంటే, సుంకం లేకుండా బండిని తాత్కాలికంగా లోపలికి తేవచ్చు. గడువులోగా దానిని మళ్ళీ దేశం దాటించాలి, ఇక్కడ అమ్మకూడదు. యాత్రికుడికి ఇది చక్కని ఏర్పాటు, ఇల్లు చేరుకోదలచినవాడికి దీనితో పని లేదు.

ఇక అసలు బేరం అమెరికాలోనే. డీలరుకు ఇస్తే ధర తక్కువ వస్తుందని, సొంతంగా అమ్మితే ఎక్కువ వస్తుందని అందరూ అనేదే. ఆ తేడా ఎంత అన్నదానిని పన్నుతో కలిపి చూసేవారు తక్కువ. టెక్సస్‌లో వాహనాల మీద అమ్మకపు పన్ను 6.25 శాతం. పాత బండిని ఇచ్చి కొత్తది తీసుకుంటే, పాత దాని విలువను తీసివేసి మిగిలిన దాని మీదే ఆ పన్ను వేస్తారు. 18,000 డాలర్ల బండి కొంటూ పాత బండికి 8,000 డాలర్లు కట్టించుకున్నారనుకోండి: 1,125 డాలర్లకు బదులు 625 డాలర్ల పన్నుతో సరిపోతుంది. అంటే డీలరు ఇచ్చిన 8,000 నిజానికి 8,500తో సమానం. బయట ఎవరైనా 8,400 ఇస్తానంటే, ఫోన్లు ఎత్తి, ముక్కూమొహం తెలియని వాళ్ళకు బండి చూపించి, వారాంతాలు పోగొట్టుకొని చివరికి వంద డాలర్లు నష్టపోయినట్టే. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు. అక్కడ పూర్తి ధర మీదే పన్ను కనుక డీలరు మాటకు ఈ అదనపు బలం ఉండదు.

అయితే ఇంటికి తిరిగివచ్చేవాడు అక్కడ కొత్త బండి కొనడు. కొననప్పుడు పన్ను తగ్గింపు ప్రశ్నే లేదు. డీలరు తన లాభం, మరమ్మతుల ఖర్చు మినహాయించుకొని టోకు ధర మాత్రమే ఇస్తాడు. కాబట్టి బండి మార్చుకుంటూ అక్కడే ఉండిపోయేవారికి, ముఖ్యంగా టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో, ట్రేడ్ ఇన్ మేలు. మూటాముల్లె సర్దుకొని వచ్చేవారికి సొంత అమ్మకం మేలు. స్నేహితుల సలహా తప్పుదారి పట్టేది ఇక్కడే. ట్రేడ్ ఇన్‌లో బాగుపడిన మిత్రుడు అక్కడే మరో బండి కొన్నాడన్న సంగతిని మరచిపోయి, అదే లెక్కను మనకూ చెబుతాడు.

సొంత అమ్మకానికి కావలసింది సమయం. హెచ్1బి వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, దేశంలో ఉండేందుకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ94 పత్రం గడువు అంతకు ముందే ముగిస్తే అదీ ఉండదు. ఆ రోజుల్లో కొత్త ఉద్యోగం వెతకాలి, అపార్టుమెంటు ఖాళీ చేసే ఏర్పాట్లు చూడాలి, పిల్లల బడి సంగతి తేల్చాలి. నవంబరులో మినియాపొలిస్‌లోనో షికాగోలోనో ఈ పరిస్థితి వస్తే, మంచులో బైకు కొనేవాడు దొరకడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పలికే ధర అప్పుడు రమ్మన్నా రాదు. గడువు తరుముతున్నప్పుడు డీలరు ఇచ్చే తక్కువ ధరను నష్టమనుకోనక్కరలేదు. అది ఆ ప్రశాంతతకు కట్టిన రుసుము.

బండి మీద అప్పు ఉంటే సొంత అమ్మకం ఇంకా బరువవుతుంది. అమెరికాలో బండి యజమాని ఎవరన్నది టైటిల్ అనే కాగితం చెబుతుంది, అప్పు తీరేదాకా దాని మీద బ్యాంకు హక్కు నమోదై ఉంటుంది. డబ్బు ముందే ఇచ్చి, టైటిల్ కోసం వారాల తరబడి ఎదురుచూడమంటే ఏ కొనుగోలుదారుడు ఒప్పుకుంటాడు? బ్యాంకు శాఖలోనే కలుసుకొని, అక్కడికక్కడే అప్పు తీర్చి, మిగతాది చేతికి తీసుకోవడం ఒక ఉపాయం. బ్యాంకే తన హామీతో రాసి ఇచ్చే క్యాషియర్స్ చెక్కులకు కూడా నకిలీలు వస్తున్నాయి గనుక, అప్పు లేకున్నా సొమ్ము మారేది బ్యాంకులోనే అయితే మంచిది. డీలరైతే బ్యాంకుతో తనే తేల్చుకుంటాడు. బండి విలువ కంటే అప్పే ఎక్కువ మిగిలి ఉంటే, ఆ తేడాను కొత్త బండి అప్పులో కలిపేస్తానని డీలరు తీయగా చెబుతాడు. వీసా మీద ఉన్నవాడు దీనికి తల ఊపకూడదు. రేపు వెనక్కి రావలసివస్తే రెండు బళ్ళ అప్పు మోస్తూ ఒక్క బండినే అమ్ముకోవలసి ఉంటుంది.

అమ్మిన తర్వాత రవాణా శాఖకు తెలియజేయడాన్ని చాలామంది చిన్న పనిగా చూస్తారు. టెక్సస్‌లో 30 రోజుల్లోగా, కాలిఫోర్నియాలో ఐదు రోజుల్లోగా ఆ పని చేయాలి. చేయకుండా విమానం ఎక్కితే, కొన్నవాడి టోల్ బిల్లులు, జరిమానాలు మీ పేరు మీదే పేరుకుంటాయి. నంబరు ప్లేటు విషయంలోనూ రాష్ట్రానికో పద్ధతి ఉంది: టెక్సస్‌లో అమ్మేవాడు దానిని విప్పి తన దగ్గరే ఉంచుకోవడం మంచిది, కాలిఫోర్నియాలో మామూలుగా అది బండితోనే పోతుంది.

అసలు కొనడమే మేలా అన్నది కూడా అడగవలసిందే. టెక్సస్ కొండల్లో ట్విస్టెడ్ సిస్టర్స్ అని పిలిచే రాంచ్ రోడ్లు 335, 336, 337 మీద ఏడాదికి రెండు మూడు సార్లు తిరిగి, మిగతా కాలమంతా బండిని గ్యారేజీలో దుప్పటి కప్పి ఉంచేవారు అద్దె బండితో చక్కగా సరిపెట్టుకోవచ్చు. వారంవారం నడిపేవారు కొనాలి, వీలైతే మొదటి యజమాని తరుగుదలను భరించేసిన బండినే కొనాలి. సైలెన్సర్లు, క్రోము తొడుగుల మీద పోసిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగిరాదు. మార్చిన అసలు భాగాలను దాచి ఉంచితే మాత్రం కొనేవాడికి నమ్మకం కలుగుతుంది.

అక్కడ అమ్మిన డబ్బుతో ఇక్కడ ఏం కొనాలి? రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, 2018లో వచ్చింది. 648 సీసీ జంట సిలిండర్ల ఇంజను, 47 హార్స్‌పవర్, బరువు రెండు వందల కిలోలకు కాస్త ఎక్కువ. మూడున్నర వందల కిలోలకు పైబడిన హార్లీ టూరింగ్ బండి నుంచి దిగివచ్చినవాడికి మొదటి వారం ఇది తేలికగా తోచవచ్చు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో లారీల వెనుక ఎక్కేటప్పుడు, గండికోట దారిలో ఊరూరా వచ్చే స్పీడు బ్రేకర్లు దాటేటప్పుడు, ఆ తేలికదనమే కావాలనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో, కర్నూలు కూడలిలో ఆగిన పెద్ద వి-ట్విన్ ఇంజను తొడలకు తగిలించే సెగ ఎలా ఉంటుందో నడిపినవాళ్ళకే తెలుసు. జీఎస్టీ మార్పు తర్వాత 350 సీసీ లోపు బళ్ళకు 18 శాతం, ఆ పైవాటికి 40 శాతం పడుతోంది కనుక, 349 సీసీ క్లాసిక్‌కూ 650కీ మధ్య దూరం ఇంకా పెరిగింది. అయినా జాతీయ రహదారి మీద తరచూ బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్ళేవారికి 650నే సూచిస్తాను. ఊళ్ళోనే తిరిగేవారికి 350 చాలు. లీటరుకు ఎంత ఇస్తుందని అడిగే మేనమామలకు జవాబు చెప్పడం కూడా సులువు. సెలవుల్లో మూడు వారాలు వచ్చిపోయేవారు మాత్రం కొత్త బండి కొనడం దండగ: ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా మొదటే కట్టాలి, బ్యాటరీ దిగిపోకుండా నాయనో తమ్ముడో వారానికొకసారి స్టార్టు చేస్తుండాలి.

ఓడకెక్కించకపోయినా వెంట తెచ్చుకోదగినవి కొన్ని ఉన్నాయి. గట్టి ప్యాడ్లున్న జాకెట్టు, బూట్లు, చేతి తొడుగులు, మంచి టూల్ కిట్టు సామానులో ఇమిడిపోతాయి, ఇక్కడి బండికీ పనికొస్తాయి. హెల్మెట్టు విషయం వేరు: మన చట్టం అడిగేది ఐఎస్ఐ గుర్తును, అమెరికా డాట్ గుర్తును కాదు. దానిని బండితో పాటే అక్కడ వదిలేసి, ఇక్కడ కొత్తది కొనుక్కోవాలి.