వెల్వెట్ లేని రుద్రమ కోసం గద్వాల దాకా

మా ఆడబిడ్డ కూతురు బడి వార్షికోత్సవంలో రుద్రమదేవి. వాళ్లది నకిరేకల్. రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం (1289 నవంబర్ 27) ఉన్నది ఆ మండలంలోనే, అందుకే అక్కడి టీచర్లకు రుద్రమంటే ఇంటి మనిషే. డ్రెస్సు మాత్రం అద్దెకు తెస్తారు. మెరుపు లేసు కుట్టిన ఎర్ర వెల్వెట్ కోటు, చంకలో ఎవరిదో పాత చెమట మరక, రోజుకు 1,200. అది చూసి "దీనికంటే నేనే నయంగా కుడతా" అని నోరు జారాను. పదిహేనేళ్లుగా నల్లగొండలో జాకెట్లు కుడుతున్న ధైర్యం అది.

ఆ కాలపు బట్టలెట్లా ఉండేవో చూద్దామని ముందు పానగల్లు పోయాం. కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల మీది బొమ్మలు చూస్తే తెలిసింది, అద్దె షాపుల డ్రెస్సుకూ ఆ కాలానికీ సంబంధమే లేదని. కోటు లేదు, లేసు లేదు. నడుముకు బిగించిన బట్ట, మోకాళ్ల నడుమ జారే కుచ్చిళ్లు, మిగతాదంతా నగలే. ఫోన్లో ఇరవై ఫొటోలు తీసుకున్నా. మా ఆడబిడ్డ అక్కడే ఉన్న ఛాయా సోమేశ్వరం గుడిలో, గర్భగుడిలో కదలని నీడను చూస్తూ కూర్చుంది, బట్టల గొడవ ఆమెకు పట్టలేదు.

పట్టింది నేతగాళ్ల ఊరు పుట్టపాకలో. తేలియా రుమాలు చూడగానే "వదినె, ఇదే తీసుకుందాం" అంది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి చేసే నేత, దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన. దుపట్టా 6,000 చెప్పారు. ఆ పనికి అది ఎక్కువేం కాదు. కానీ ఈ వైపు చిటికి నేత (తేలియా నేసే ఇక్కత్ పద్ధతి) మొదలై వందేళ్లు దాటిందంతే, పదమూడో శతాబ్దపు రాణికి ఎట్లా కడతాం అన్నా. "పిల్లల నాటకంలో ఎవరు చూస్తరు?" అంది. నేను చూస్తా. అక్కడినుంచి జడ్చర్ల దాకా మాట్లాడలేదు.

బస్సులకు మాత్రం రూపాయి కాలేదు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. డీలక్స్ ఎక్కితే డబ్బులు కట్టాలి, బోర్డు చూసి ఎక్కండి.

గద్వాలలో దిగేసరికి సాయంత్రం. నూలు బాడీ, పట్టు అంచు ఉన్న చీర కావాలి. కాళ్ల మధ్యనుంచి వెనక్కి దోపే కచ్చా కుట్టడానికి నూలు నిలబడుతుంది, స్టేజీ లైట్లకు అంచు మెరుస్తుంది. పెద్ద అద్దాల షాపులోకి పోయాం. కూల్‌డ్రింక్ ఇచ్చారు. అక్కడే అనుమానపడాల్సింది. "అగ్గిపెట్టెలో పడుతుంది మేడం" అని చీర మడిచి చూపించాడు, అగ్గిపెట్టె మాత్రం తీయలేదు. 6,500 అని మొదలుపెట్టి 4,800కు దిగాడు. బేరం గెలిచానని లోపల నవ్వుకున్నా.

లాడ్జి 900. దుప్పట్లు అడిగితే 50 అదనం, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా. అవీ గోరువెచ్చనే. మంచం కూర్చుంటే ఒకవైపు వంగింది. రాత్రి నిద్రపట్టక చీర తీసి అంచు తిరగేశా. మనసు ఒప్పుకోలేదు. మూడు పోగులు లాగి బాత్రూంలో అగ్గిపుల్ల వెలిగించా. పోగు మంటను చూసి ముడుచుకుంది, చివర నల్లటి చిన్న పూస మిగిలింది. గోటితో నొక్కితే గట్టిగా ఉంది. ప్లాస్టిక్ కంపు గదంతా. మా ఆడబిడ్డ లేచి "వదినె, కరెంటు వైరు కాలుతున్నట్టుంది" అని తలుపు తీసింది. కాలుతున్నవి నా 4,800.

పొద్దున షాపు తెరిచేదాకా మెట్ల మీదే కూర్చున్నాం. "సిల్క్ అంటే ఆర్ట్ సిల్క్ మేడం, అందరికీ తెలిసిందే" అన్నాడు, అంటే పట్టు కాని పట్టు. బిల్లు మీద "గద్వాల్ శారీ 1" అని రాసి ఉంది, పట్టు అన్న మాటే లేదు. కింద చిన్న అక్షరాల్లో అమ్మిన సరుకు వాపసు లేదని. నేను గట్టిగా మాట్లాడలేకపోయా. అప్పటిదాకా నా మీద అలిగిన ఆడబిడ్డ గల్లా ముందు నిలబడి, లోపలికొచ్చే ప్రతి గిరాకీకి అగ్గిపుల్ల కథ చెప్పడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో మార్పిడికి ఒప్పుకున్నాడు. నాటకంలో సైనికుల పంచెలకని మీటరు 160 చొప్పున 20 మీటర్ల ముతక నూలు బట్ట తీసుకున్నాం. మిగిలిన 1,600 మాత్రం తిరిగిరాలేదు.

టిఫిన్ బండి దగ్గర అడిగితే నేసేవాళ్ల ఇల్లు చూపించారు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పెద్దాయన నేస్తున్నాడు, మూడు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ నడిపేవి). రెండు అంచులకు చెరొకటి, నడుమ బాడీకి ఒకటి. అంచు పట్టు పోగు, బాడీ నూలు పోగు కలిసేచోట ఒకదాన్నొకటి పట్టుకుని మెలిపడతాయి. చీర తిరగేస్తే ఆ అతుకు వేలికి తగులుతుంది. "ఇది కుట్టు అంచమ్మా, ఇక్కడ వేలు పెట్టకుండా కొనకు" అన్నాడు. నేను అడక్కుండానే అంచు పోగు లాగి కాల్చాడు. వెంట్రుకలు కాలిన వాసన. బూడిదను వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయింది.

మంచి చీర 5,500. కొంగు దగ్గర జానెడు మేర పేక (అడ్డపోగు) పలచబడినది ఒకటుంది, 3,400కిచ్చాడు. నేను ఎట్లాగూ కత్తిరించేదే కదా, పగిడికి వాడితే పట్టీ కింద దాగిపోతుంది. చీరను కత్తిరిస్తానని మాత్రం ఆయనకు చెప్పలేదు. వాళ్లింట్లో జొన్న రొట్టె, వంకాయ కూర పెట్టారు, డబ్బులు తీసుకోలేదు. మా ఆడబిడ్డ మూడు రొట్టెలు తిని, తనకూ ఒక చీర మాట్లాడుకుంది.

గద్వాల పోయేవాళ్లు బిల్లు మీద "పట్టు అంచు" అని రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. రాత్రి అక్కడ ఉండకండి, మహబూబ్‌నగర్‌లో పడుకుని పొద్దున బస్సు పట్టుకోండి.

ఇంటికొచ్చి కచ్చా కుట్టి, పగిడి చుట్టి, వీడియో కాల్‌లో చూపించా. పిల్ల కాసేపు చూసింది.

"అత్తమ్మా, వెల్వెట్ లేదా?"

ప్రకాశం బజారుకు పోయి పావు మీటరు ఎర్ర వెల్వెట్ తెచ్చా, 60 రూపాయలు. నడుము పట్టీకి.