డొమినికాకి నేరుగా విమానమట!

2025 ఫిబ్రవరి 15 నుంచి శనివారం శనివారం న్యూజెర్సీలోని నెవార్క్ నుంచి డొమినికాకి నేరుగా విమానం నడుపుతామని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రకటించింది. ఆ వార్త చదివి వినిపించగానే మా ఆవిడ, "ఆ ముక్కేదో ఏప్రిల్‌కి ముందే చెప్పి ఏడవచ్చుగా!" అంది. ఆ ప్రకటనకి ముందటి ఏప్రిల్లో మేం ముగ్గురం, ఆవిడా నేనూ మా అమ్మాయీ, ఆ దీవికి వెళ్ళొచ్చాం. వెళ్ళిన తీరు తలుచుకుంటే ఆవిడ కోపంలో తప్పేమీ లేదు.

ముందొక మాట. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. పుంటా కానా బీచులు, తిండీ బసా అన్నీ ఒకే ధరలో కలిపేసే రిసార్టులు ఉండేది రెండో దాంట్లో. మేం వెళ్ళింది కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్‌కీ మార్టినీక్‌కీ మధ్యనున్న చిన్న కొండల దేశానికి. జనాభా 70 వేల చుట్టుపక్కల. కొలంబస్ ఓడలు ఒక ఆదివారం పూట అటుగా వచ్చాయని ఆ పేరు పెట్టారు. డల్లాస్‌లో ఉండే మా బావగారికి ఈ తేడా నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి కూడా "స్పానిష్ వచ్చా మీకు?" అనే అడిగారు.

మా ప్రయాణం ప్యూర్టో రికోలోని శాన్ హువాన్ మీదుగా. ఇక్కడ బయల్దేరాల్సిన విమానం రెండున్నర గంటలు లేటు. మేం దిగేసరికి దీవికి వెళ్ళే చిన్న విమానం పోయింది, ఆ రోజుకి అదే ఆఖరుది. రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నాం కాబట్టి మాకు సంబంధం లేదని వీళ్ళూ, వాళ్ళూ చేతులు దులుపుకున్నారు. రాత్రి హోటలు, కొత్త టికెట్లు, అన్నీ మా జేబులోంచే. మర్నాడు మేం చేరాం, ఒక సూట్‌కేసు చేరలేదు. అది రెండు రోజుల తర్వాత వచ్చింది, అందులోనే నడక బూట్లు. తల ప్రాణం తోకకి రావడం అంటే ఏమిటో మా అమ్మాయికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

అమెరికా నుంచి నేరుగా వెళ్ళే దారి అసలు లేదని కాదు, 2021 డిసెంబరు నుంచి మయామీ విమానం ఉంది. కానీ న్యూజెర్సీ వాళ్ళకి అక్కడా విమానం మారక తప్పదు కదా. నెవార్క్ నుంచైతే నాలుగు గంటల పైచిలుకులో దిగిపోవచ్చు. నెవార్క్ దగ్గరి ఎడిసన్లో పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే, మధ్యాహ్నం కాఫీ వేళకి దీవిలో ఉంటారు.

అయితే కొత్త విమానం తీర్చేది సగం కష్టమే. డగ్లస్-చార్ల్స్ విమానాశ్రయం దీవికి ఈశాన్యాన, కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుకులో ఉంది. పెద్ద విమానాలకి చాలేంత రన్‌వే లేదు, అందుకే వెస్లీ అనే ఊరి దగ్గర కొత్త విమానాశ్రయం కడుతున్నారు. రాజధాని రోసో ఉన్నది దీవికి అటు చివర. గంటకి పైగా కారు ప్రయాణం. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు తెలుసుగా, దాన్ని ఇంకాస్త ఇరుకు చేసి, వాన పోయించి, మధ్యమధ్య గుంతలు పెట్టండి. డ్రైవింగ్ మనకి అలవాటైన ఎడమవైపే, కానీ ఇరవై ఏళ్ళు అమెరికాలో తోలాక ఆ అలవాటు ఎక్కడికో పోయింది. కారు అద్దెకి తీసుకుంటే స్థానిక పర్మిట్ కూడా కొనాలి. మేం మొదటి రోజు టాక్సీ మాట్లాడుకున్నాం, మంచి పనైంది. ధర చెప్పగానే "ఏ డాలరు?" అని అడగడం మరిచిపోకండి. అక్కడి తూర్పు కరీబియన్ డాలర్లు 2.70 అయితే మన అమెరికా డాలరు ఒకటి.

ఆ డ్రైవరు మేం ఇండియా వాళ్ళమని తెలియగానే క్రికెట్ మొదలుపెట్టాడు. 2023 జులైలో రోసోలోని విండ్సర్ పార్క్‌లో యశస్వి జైస్వాల్ తన తొలి టెస్టులోనే 171 కొట్టింది, అశ్విన్ 12 వికెట్లు తీసింది, అన్నీ చేతులు వదిలేసి అభినయించి చూపించాడు. మలుపుల్లో కూడా. మా ఆవిడ కళ్ళు మూసుకుంది.

బసలు రెండు. మొదటి నాలుగు రాత్రులు రోసో పైన వాటెన్ వేవెన్ అనే ఊళ్ళో ఒక గెస్ట్‌హౌస్. ఊరంతా గంధకపు వాసన, భూమిలోంచి వేడినీళ్ళు ఊరుతుంటాయి. పెరట్లోనే వేడినీళ్ళ తొట్టి. ఏసీ లేదు, అక్కర్లేదు కూడా. దోమతెర ఉంది. ఇంటర్నెట్ పేరుకే. రాత్రంతా కప్పల కచేరీ, మొదటి రాత్రి నిద్రపట్టలేదు, మూడో రాత్రికి అది లేకపోతే పట్టదనిపించింది. కరెంటు 230 వోల్టులు, బ్రిటిష్ ప్లగ్గు. అడాప్టర్ ఉన్నది, ఊహించారుగా, రాని సూట్‌కేసులో.

తర్వాతి రెండు రాత్రులు ఉత్తరాన పోర్ట్స్‌మత్‌లో ఒక అపార్ట్‌మెంటు. సౌకర్యం ఇక్కడే ఎక్కువ. వంటగది పెద్దది, ధర తక్కువ. కారణం ఆ ఊరి కథలో ఉంది. రాస్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండేది. మనవాళ్ళ పిల్లలు కూడా ఇక్కడ చదివి డాక్టర్లయ్యారు, మా స్నేహితుడి తమ్ముడే ఒకడు. 2017 సెప్టెంబరు 18 రాత్రి ఐదో స్థాయి తుపాను మరియా దీవిని ఊడ్చేశాక కాలేజీ బార్బడోస్‌కి మారిపోయింది. విద్యార్థుల కోసం కట్టిన గదులు మిగిలాయి. ఆ అపార్ట్‌మెంటు యజమానురాలు ఆ సంగతి ఏ బాధా లేకుండా, అలవాటైన లెక్కలా చెప్పింది. ఆ ఊళ్ళో ఇండియన్ రివర్‌లో తెడ్డు పడవ తప్పకుండా ఎక్కండి, మోటారు పెట్టనివ్వరు కాబట్టి పక్షుల చప్పుడు వినిపిస్తుంది. ఆ 'ఇండియన్' మనం కాదు, అక్కడి ఆదివాసులు కలినాగోలు.

తిండి గురించి భయపడ్డాం, మా ఆవిడ శాకాహారి. తీరా చూస్తే ప్లేటు నిండా మన పెరటి సరుకే: చేమదుంప, పచ్చి అరటి, సీమపనస, కర్రపెండలం. కలలూ అనే సూపు చేమాకుతో చేస్తారు. మాంసం వెయ్యకుండా చెయ్యమని ముందే చెప్పాలి. ఆవిడ తెచ్చుకున్న పులిహోర పొడి దాంట్లో కలిపి గెస్ట్‌హౌస్ వంటామెకి రుచి చూపించింది. కలినాగో ప్రాంతంలో పెనం మీద కాల్చిన కర్రపెండలం రొట్టె తిన్నాం. వేడిమీద బావుంది, చల్లారాక అట్ట ముక్కే.

ఇక అసలు సంగతి బాయిలింగ్ లేక్, అంటే మరిగే నీళ్ళ చెరువు. మోర్న్ త్రువా పితాన్ జాతీయ పార్కులో ఉంది, 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు. మా ఆవిడ దారి మొదట్లో ఉండే తీతూ గోర్జ్ అనే ఇరుకు లోయ దగ్గరే ఆగిపోయింది. నేనూ అమ్మాయీ గైడుతో కదిలాం. గైడు తప్పనిసరి అనే అనుకోండి, ఆ బురదలో దారి మనకి అంతుపట్టదు. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. వ్యాలీ ఆఫ్ డెసొలేషన్‌కి వచ్చేసరికి చెట్లు మాయం, నేలంతా పసుపు, బూడిద, తుప్పు రంగు, కాళ్ళ పక్కనే నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. గైడు ఆ నీళ్ళలోనే గుడ్లు ఉడకబెట్టి పెట్టాడు. ఉప్పు కూడా తెచ్చాడు మహానుభావుడు.

చెరువు దగ్గరికి చేరితే ఏమీ కనిపించలేదు. అంతా ఆవిరి. పది నిమిషాలు కూర్చున్నాం. గాలి ఒక్కసారి తిరిగింది, కింద 60 మీటర్ల వెడల్పున బూడిద నీలం నీళ్ళు, నడిమధ్య అన్నం ఎసరులా మరుగుతున్నాయి. అమ్మాయి ఫోను తీసేలోపు మళ్ళీ మూసుకుంది. దాని స్నేహితులకి చూపించడానికి ఒక తెల్లటి ఫొటో మిగిలింది.

ట్రఫాల్గర్ జలపాతం, ఎమరాల్డ్ పూల్ సులువు, పెద్దవాళ్ళు కూడా వెళ్ళొచ్చు. మేం వెళ్ళినప్పుడు పార్కు టికెట్ ఒక్కో చోటికి 5 అమెరికా డాలర్లు, వారం పాసు 12. వారం పాసే కొనండి. షాంపేన్ రీఫ్‌లో సముద్రం అడుగు నుంచి బుడగలు పైకి వస్తుంటాయి, ఈత వచ్చినవాళ్ళకి బావుంటుంది. తెల్ల ఇసుక మాత్రం ఆశించకండి, చాలా చోట్ల నల్ల ఇసుకే.

వీసా సంగతి. మన ఇండియా పాస్‌పోర్టుకి డొమినికా వీసా అడగదు. టెన్షన్ అమెరికాకి తిరిగి రావడంలో ఉంది. పాస్‌పోర్టులో హెచ్1బీ ఉద్యోగ వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్ళు, కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్ వెళ్ళి ఆ పాత స్టాంపింగ్‌తోనే తిరిగొచ్చినట్టు ఇక్కడికి వెళ్ళొద్దాం అనుకుంటే కుదరదు, ఆ వెసులుబాటు వాళ్ళకి ఈ దీవులకి వర్తించదు. గడువున్న వీసా ఉంటేనే కదలండి.

యునైటెడ్ ప్రకటించిన విమానం శనివారం ఒక్కటే కాబట్టి వెళితే వారం ఉండాల్సిందే. నాలుగు రోజుల లాంగ్ వీకెండ్‌కి పనికిరాదు. శనివారం విమానం రద్దయితే ఏం చేస్తారో టికెట్ కొనే ముందు కనుక్కోవాలి. అయినా మేం మళ్ళీ వెళ్తాం, ఈసారి బూట్లు చేతి సంచీలో పెట్టుకుని.

బావగారికి ఇదంతా ఫోన్లో గంటసేపు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. నిన్న మెసేజ్ వచ్చింది: "బుక్ చేశాం, మీ డొమినికాకే." కింద టికెట్ ఫొటో. పుంటా కానా.